కడుపులో మాట అడిగే కండక్టరమ్మ

ఆవిడ తలుపు తట్టదు. వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక వేస్తుంది, అంతే, అన్ని తలుపులూ వాటంతటవే తెరుచుకుంటాయి. "టికెట్, టికెట్! ఇవాళ టికెట్ ఇవ్వాల్సినవాళ్ళు బయటికి రండి!" కొత్తగా అద్దెకి దిగినవాళ్ళయితే బస్సు ఇంట్లోకి దూసుకొచ్చిందేమోనని హడలిపోతారు. పాతవాళ్ళు మాత్రం గాజు సీసా ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి, ఆవిడ చేతిలో పెట్టి, మొహం అటు తిప్పుకుని లోపలికి పోతారు. ఆ సీసాలో ఏముంటుందో చెప్తాను గానీ, తింటూ చదివేవాళ్ళెవరైనా ఉంటే ముందు చెయ్యి కడుక్కుని రండి.

కండక్టరమ్మ అనే పేరు ఉత్తినే రాలేదు. ఉద్యోగమున్నంత కాలం సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి లాగింది, చిల్లర లేదన్నవాళ్ళతో పోట్లాడింది, ఒకళ్ళ పాసు మీద ఇంకొకళ్ళు ప్రయాణం చేస్తే ఫొటో చూడకుండానే పట్టేసింది. "పాసు చూపించేటప్పుడు దొంగవాడు నా కళ్ళలోకి చూస్తాడు, దొర కిటికీలోంచి చూస్తాడు" అని ఆవిడ సిద్ధాంతం. ఆ ఇంజను మోత మీద అరిచి అరిచి గొంతు అలాగే స్థిరపడిపోయింది. రిటైరయ్యాక కూడా ఇంట్లో ఉప్పు అందించమంటే పక్కింటివాళ్ళు అందిస్తారు.

రిటైరైన మనిషి హాయిగా కాళ్ళు జాపుకుని కూర్చోక ఈ సీసాల పని ఎందుకు పెట్టుకుందీ అంటే, తమ్ముడి కోసం.

తమ్ముడు ఆవిడ దగ్గరే ఉంటాడు, ఆవిడా కొడుకూ ఉన్న ఇంట్లోనే. పెళ్ళి చేసుకోలేదు. వీధి చివర పాత ప్లాస్టిక్ డ్రమ్ములూ బకెట్లూ పైపులూ ముక్కలు చేసి పొడి కొట్టే షెడ్డుంది, అందులో మిషను మీద పని. అక్కకి ఎంత నోరుందో తమ్ముడికి అంత మౌనం. రోజూ సాయంత్రం తల మీదా కనుబొమల మీదా రంగురంగుల పొడితో ఇంటికి వస్తాడు, వాకిట్లో దులుపుకుంటాడు, తింటాడు, పడుకుంటాడు. అలాంటివాడు ఏడాదిగా చిక్కిపోతున్నాడు. బెల్టుకి మేకుతో కొత్త బొక్క పొడిచాడు, కొన్నాళ్ళకి దాని పక్కన ఇంకోటి. భోజనం సగంలో లేచిపోతాడు. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చుంటాడు, ఎంతకీ రాడు. ఏమైందిరా అంటే "ఏం లేదక్కా, ఎండలు" అంటాడు. వానాకాలంలో కూడా అదే మాట.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఉన్న ఆరోగ్య పరిశోధన కేంద్రంవాళ్ళు మనిషి కావాలన్నారు. షెడ్డు చుట్టుపక్కల వీధుల్లో ఇల్లిల్లూ తిరగాలి, తెచ్చినవి పరీక్షకివ్వాలి, ఎవరి పేగుల్లోనైనా తేడా కనబడితే డాక్టరు ఉచితంగా చూస్తారు. ఆ చివరి మాట వినగానే కండక్టరమ్మ చెప్పులేసుకుంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాని తమ్ముణ్ణి ఈ దారిలోనైనా డాక్టరు ముందు నిలబెట్టాలన్నది ఆవిడ ఎత్తు.

అక్కడ మేడమ్ ఒకావిడ ఉంది. చిన్న వయసు, పెద్ద చదువు, గొంతు మాత్రం దోమ పాడినట్టుంటుంది.

"ఏం తేవాలి మేడమ్?" అంది కండక్టరమ్మ.

మేడమ్ అటూ ఇటూ చూసి, "మలం" అని గొణిగింది.

"సిగ్గెందుకమ్మా, రోజూ అందరూ చేసే పనేగా!" అని ఆవిడ ఇచ్చిన జవాబు మేడ మీదివాళ్ళకి కూడా వినపడింది.

మేడమ్ ఓపిగ్గా చెప్పింది. ప్లాస్టిక్ అరిగి అరిగి కంటికి ఆనని రేణువులవుతుంది, మైక్రోప్లాస్టిక్ అంటారు. వాటికంటే చిన్నవి, మామూలు మైక్రోస్కోపుకి కూడా చిక్కనివి, నానోప్లాస్టిక్. తిండిలో, నీళ్ళలో, గాలిలో కలిసి మన లోపలికి పోతున్నాయి. మన పేగుల్లో లెక్కలేనన్ని బ్యాక్టీరియా కాపురం ఉంటాయి, వాటిలో మంచివే ఎక్కువ. తిన్నది అరిగించడానికి సాయం చేస్తాయి, పేగు గోడని కాపాడతాయి. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో, ఈ రేణువులు ఎక్కువగా పోయినప్పుడు ఆ మంచివి తగ్గడం, పేగు గోడ మీద ఉండే జిగురుపొర పల్చబడడం, లోపల వాపు రావడం చూశారు.

"మరి మనుషుల్లో?"

"అది ఇంకా తేలలేదమ్మా. తేలలేదు కాబట్టే మిమ్మల్ని పంపిస్తున్నాం."

కండక్టరమ్మ దాన్ని బస్సు లెక్కలోకి దింపుకుంది. "అంటే మంచి ప్రయాణికులు సీట్లన్నీ నిండా కూర్చుంటే జేబుదొంగలకి చోటుండదు. ఈ రేణువులొచ్చి మంచివాళ్ళని దింపేస్తున్నాయేమోనని మీ అనుమానం. అంతేగా?" అంది. మేడమ్ నవ్వేసింది.

సరే, చెప్పడం సులువే. అడగడం మొదలుపెట్టాక తెలిసింది అసలు తిప్పలు. మొదటి ఇంట్లో ముసలమ్మకి కాస్త చెముడు. "మలం ఇవ్వాలమ్మా" అంటే "అయ్యో, అదెంత భాగ్యం" అని లోపలికెళ్ళి, మోకాళ్ళకి రాసుకునే మలాం గొట్టం తెచ్చి ఇచ్చింది, వాడుకుని తిరిగి ఇచ్చెయ్యమని కూడా చెప్పింది. పక్కింట్లో "మోషన్" అంది. "మాకు మోషన్ బాగానే అవుతుంది, మందులు అమ్మేవాళ్ళు మా ఇంటికి రావద్దు" అన్నారు. ఇలా కాదని మూడో ఇంట్లో చిన్నప్పుడు అందరూ వాడే అసలు మాటే వాడింది. ఆ తలుపు మొహం మీద పడిన చప్పుడుకి వీధిలో కుక్కలు లేచాయి.

గట్టెక్కించింది మూలన కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. ఆవిడ బస్సులో ఏళ్ళ తరబడి తిరిగినవాడు. విషయమంతా విని, కత్తెర పక్కన పెట్టి, "ఇన్నాళ్ళూ నేను మీ దగ్గర టికెట్ తీసుకున్నాను. ఇప్పుడు మీరు నన్ను టికెట్ అడుగుతున్నారు. కాలమహిమ!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే మాట పుట్టింది. మర్నాటి నుంచి ఎవరూ మలం అనలేదు, మోషన్ అనలేదు. "మా ఆయనది ఇంకా అవలేదు కండక్టరమ్మా, పొద్దున్నే తొందరగా వెళ్ళిపోయారు, ఆయన టికెట్ రేపిస్తాం." పేరు మారితే సిగ్గు సగం చచ్చింది. మిగతా సగం ఆవిడ కేకలకి చచ్చింది.

ఇచ్చిన సీసాలన్నీ మూడు రోజుల్లో తిరిగొచ్చాయి. కండక్టరమ్మ గర్వంగా బుట్ట మోసుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టింది. మేడమ్ మూత తీసి, ఒక్కో సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. సీసాలు తళతళా మెరిసిపోతున్నాయి. కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి మరీ ఇచ్చారు. పక్కనే ఇంకో సంచిలో ప్లాస్టిక్ డబ్బాలు, ఐస్‌క్రీమువీ మందులవీ, ఒక్కొక్కటీ రెండు మూడు ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా చుట్టి ఉన్నాయి. అసలు సరుకు వాటిల్లో ఉంది.

"ఇదేంటమ్మా?" అంది మేడమ్ ఏడుపు గొంతుతో.

"పరాయివాళ్ళ సీసా, అందులోనూ గాజుది, అంత మంచిదాన్ని ఇలాంటి పనికి పాడుచెయ్యడం ఎందుకన్నారు మేడమ్. మర్యాద తెలిసినవాళ్ళు." చెప్తూ చెప్తూ ఉండగా ఆవిడకే వెలిగింది. ప్లాస్టిక్ ఎంత ఉందో చూడ్డానికి తెమ్మంటే, ప్లాస్టిక్‌లో పెట్టి, ప్లాస్టిక్‌లో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి తెచ్చింది. నాలుక కరుచుకుంది. ఇంత చదువుకున్న మేడమ్ కూడా "గాజు సీసాలోనే ఉంచండి" అని ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయింది, ఎందుకంటే సీసా ఇచ్చాక ఇంకెక్కడ పెడతారని ఆవిడ ఆలోచన. తప్పు ఇద్దరిదీ. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వలేక నవ్వారు.

మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. ఈసారి కండక్టరమ్మ వీధి మధ్యలో స్టూలేసుకుని నిలబడి ఉపన్యాసమే ఇచ్చింది. "సీసా మీకోసం కొన్నదే! దాన్ని కడగొద్దు, మార్చొద్దు, ముద్దు చెయ్యొద్దు!" జనం కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఇచ్చారు. ఈసారి అంతా సరిగ్గా వచ్చింది, తమ్ముడి సీసాతో సహా. ఆ సీసా అందుకున్నప్పుడు ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి మొండివాడు దారికొచ్చాడనుకుంది. అప్పటికే ఇంకో మార్పు కూడా గమనించింది లెండి: తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. "ఇప్పటికైనా బుద్ధొచ్చింది" అని కొడుకు దగ్గర మెచ్చుకుంది కూడా. కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాడు. తల వంచుకుని ఫోను చూసుకుంటూ "ఊఁ" అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. తమ్ముడి సీసా బ్రహ్మాండం! వాపు లేదు, ఏమీ లేదు. కండక్టరమ్మ సంతోషించబోయింది. కానీ ఎదురుగా తమ్ముడు కూర్చున్నాడు, చొక్కాలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

ఆ వారంలోనే మేడమ్ పిలిచింది. ఎప్పటికంటే ఇంకా మెల్లగా, "అమ్మా, చీటీలు అంటించడంలో పొరపాటేమైనా జరిగిందా? మీ ఇంటి నుంచి వచ్చిన రెండు సీసాలు ఒకే మనిషివి" అంది.

"నేనా? పొరపాటా? ఇంతమంది ప్రయాణికుల్లో ఒక్కడికి తప్పు టికెట్ కొట్టానా నేను?" ఆవిడ గొంతుకి గాజు సామాను గలగలమంది.

"కోప్పడకండి. ఒకే ఇంట్లో, ఒకే తిండి తినేవాళ్ళ కడుపుల్లో బ్యాక్టీరియాకి పోలికలుంటాయి, నిజమే. కానీ ఇంత అచ్చు గుద్దినట్టు ఉండవు. ఇవి మామా అల్లుళ్ళవి కావు. ఒకే కడుపులోవి."

కండక్టరమ్మ రెండు సీసాల మీద చీటీలూ తిప్పి చూసింది. జీవితమంతా ఒకళ్ళ పాసు మీద ఇంకొకళ్ళు తిరిగితే పట్టుకున్న మనిషి. సొంత ఇంట్లో, సొంత తమ్ముడు, సొంత కొడుకు పాసు మీద తన బస్సే ఎక్కేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చంతా గెలిచొచ్చి ఇంట్లో ఓడిపోయింది.

కొడుకుని నిలదీస్తే వాడు నీళ్ళు నమిలాడు. "మామయ్య తనకి రావట్లేదన్నాడమ్మా. నీది కాస్త సర్దరా అన్నాడు. సర్దాను."

"సర్దడానికి అదేమన్నా పంచదారట్రా!" అని అరిచింది, అరుస్తూనే నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. బట్టలు ఎందుకు ఉతుక్కుంటున్నాడో అప్పుడర్థమైంది ఆవిడకి. ఏం మరక దాచడానికో అర్థమైంది. మెచ్చుకున్న తన నోటిని తనే తిట్టుకుంది.

తమ్ముడు పని నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని టోపీ దులుపుకుంటున్నాడు. కడిగి పారేద్దామనే వెళ్ళింది. కానీ అక్క మొహం చూడగానే, గుమ్మడికాయల దొంగ అనకముందే అతను భుజాలు తడుముకున్నాడు.

"రక్తం పడుతోందా?" అంది.

తమ్ముడు టోపీలోకి చూస్తూ తల ఊపాడు.

"ఎప్పణ్ణుంచి?"

"చాలా రోజులైంది."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు చెప్తే వీధికి చెప్పినట్టే కదక్కా." కోపంగా అనలేదు, ఎండ కాస్తోందన్నట్టు అన్నాడు. "స్టూలెక్కి చెప్తావు. రేపు షెడ్డులో అందరూ నన్ను చూసి నవ్వుతారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందంటారు. అయినా ఇది పెద్ద జబ్బే అయ్యుంటుంది. తెలుసుకుని ఏం చెయ్యాలి?"

ఎన్ని తిట్లు తిన్నది ఆ మనిషి ఆ ఉద్యోగంలో! తాగినవాళ్ళు తిట్టారు, పెద్దమనుషులు తిట్టారు, ఏదీ ఇలా గుచ్చుకోలేదు. వీధిలో అందరి నోళ్ళూ తెరిపించిన గొంతే తమ్ముడి నోరు మూయించిందని ఆవిడకి అప్పుడే తెలిసింది. పక్కన మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతు ఆవిడదేనా అని తమ్ముడు తలెత్తి చూశాడు.

"సరే. నాకు చెప్పొద్దు. మేడమ్ పెద్ద డాక్టరు దగ్గరికి పంపిస్తుంది, ఆయనకి చెప్పుకో. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. ఏమన్నారని కూడా అడగను. ఒట్టు."

"నువ్వా? అడగకుండా ఉంటావా?"

"నువ్వు బతికుంటే చాలురా. నాకు ఏ సంగతీ తెలియక్కర్లేదు." ఆ మాట అనేసరికి తమ్ముడు టోపీ పక్కన పెట్టి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

వెళ్ళాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుంది. అతను బయటికొచ్చాడు, ఇద్దరూ ఇంటికొచ్చారు, ఆవిడ అడగలేదు. మళ్ళీ వెళ్ళాడు, ఈసారి కెమెరా గొట్టంతో లోపలంతా చూశారు. అడగలేదు. అబ్బో, ఆ రోజులు ఆవిడ పడిన యాతన పగవాళ్ళకి కూడా వద్దు! మందుల చీటీ బల్ల మీద కనబడితే కళ్ళు మూసుకుని దాటిపోయేది. ముసలమ్మ పిలిచి "మీ తమ్ముడికేమైందే?" అంటే "ఎండలు" అంది. వీధిలో ముక్కు మీద వేలేసుకున్నారు. కండక్టరమ్మకి గొంతు పోయిందని ఒకళ్ళు, దయ్యం పట్టిందని ఇంకొకళ్ళు.

ఒకరోజు భోజనాల దగ్గర, మధ్యలో లేవకుండా కంచం ఖాళీ చేసి, తమ్ముడే అన్నాడు. "పెద్ద జబ్బు కాదట అక్కా. పెద్దపేగులో పుండ్లట. మందులు మానకుండా వేసుకుంటే అదుపులో ఉంటుందట. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే మాత్రం కష్టమయ్యేదన్నారు."

కండక్టరమ్మ చేతిలో గరిటె కింద పడింది. ఏడ్చింది. ఎలా ఏడ్చిందంటే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళని చూసి చటుక్కున కళ్ళు తుడుచుకుని, "ఏం లేదు, ఉల్లిపాయలు" అంది. వండడం అయిపోయి తినడం కూడా అయిపోయాక ఉల్లిపాయలేమిటో ఎవరికీ అర్థం కాలేదు. తమ్ముడు మాత్రం చాలాకాలం తర్వాత పళ్ళు కనబడేలా నవ్వాడు.

ఇదంతా ఆ ప్లాస్టిక్ పొడి వల్లేనా అని తమ్ముడు డాక్టరుని అడిగాడట. చెప్పలేనన్నాడట ఆయన. వంట్లో తత్వం కావచ్చు, తిండి కావచ్చు, పొడి పాత్ర కూడా ఉండొచ్చు, ఒక్క మనిషిని చూసి తేల్చేది కాదన్నాడట. తేలేదాకా ఊరికే కూర్చోవాలని లేదు, మాస్కు వేసుకో, చేతులు కడుక్కున్నాకే తిను, వేడివేడి తిండి ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకోకు అన్నాడట. కండక్టరమ్మ మర్నాడే స్టీలు క్యారియరు కొంది. పొడి సంగతి ఎత్తితే షెడ్డు యజమాని మొదట గొణిగాడు గానీ, సొంత అత్తగారు కూడా టికెట్ ఇచ్చేసరికి ఆలోచనలో పడ్డాడు. మిషన్ల మీద పొడిని లాగేసే గొట్టాలు పెట్టించాడు. షెడ్డులో అవతలి గోడ ఏ రంగో అప్పుడు తెలిసింది అందరికీ. మేడమ్ పరిశోధన ఇంకా నడుస్తూనే ఉంది. మూడు సీజన్లలోనూ సీసాలు కావాలట. కావాలంటే మన కండక్టరమ్మ ఉందిగా.

మొన్న రెండో విడత సీసాలు పంచడానికి షెడ్డుకి వెళ్ళింది. పనివాళ్ళు నీడన కూర్చుని తింటున్నారు. అందరూ తీసుకున్నారు, ఒక్క లోడింగు మేస్త్రీ తప్ప. లారీలకి మూటలు ఎత్తించే మనిషి, చూడ్డానికి కొండలా ఉంటాడు. "నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. నా దగ్గర టికెట్లూ గికెట్లూ అడక్కండి" అని కసిరాడు. కండక్టరమ్మ జవాబివ్వడానికి ఊపిరి తీసుకుంది.

అంతలో తమ్ముడు లేచాడు. పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పనివాడు లేచి నిలబడేసరికి అందరి చేతులూ ఆగాయి.

"నాకు రక్తం పడేది" అన్నాడు. "మీ అందరి పక్కనే కూర్చుని తినేవాణ్ణి, చెప్పలేదు. మా అక్కక్కూడా చెప్పలేదు. నవ్వుతారని. చచ్చిపోతాననుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణే. మందులు వేసుకుంటున్నాను, బతికాను."

ఒక్కళ్ళూ నవ్వలేదు. తమ్ముడు కూర్చున్నాడు. మేస్త్రీ తన క్యారియరు మూత పెట్టాడు. లేచి, అందర్నీ దాటుకుని వచ్చి తమ్ముడి పక్కన గొంతుక్కూర్చుని, చాలా మెల్లగా అడిగాడు.

"నల్లగా పడినా రక్తమేనా?"

కండక్టరమ్మకి వినబడింది. వినబడనట్టు రోడ్డు వైపు తిరిగి, అక్కణ్ణుంచి దూరంగా నడిచింది.

"అయ్యుండొచ్చు. మధ్యాహ్నం సెలవు పెట్టు" అన్నాడు తమ్ముడు. "నేనూ వస్తాను."